ఫ్యాను చప్పుడు

జూన్ 2

శ్రవణ గ్రంథాలయం నడుపుతున్న నా పాత శిష్యుడు ఉదయం ఫోను చేశాడు. నాన్నగారి శతకం మొత్తం నా గొంతుతో కావాలట. "గురువుగారూ, మీరు ఇల్లు కదలక్కర్లేదు. ఇంట్లోనే రికార్డు చేసి పంపండి. ఎప్పుడైనా సరే, కాస్త త్వరగా," అన్నాడు. ఎప్పుడైనా అనడానికీ త్వరగా అనడానికీ పొత్తు కుదరదని అతని దృష్టికి తెచ్చాను. నవ్వాడు. నా వయసు ఎత్తకుండా నన్ను తొందరపెట్టడం తెలిసిన వినయవంతుడు.

ఆ శతకం కాగితం మీద లేదు. పద్యం కాగితం ఎక్కిన రోజున గొంతు దిగిపోతుందని నాన్నగారి నమ్మకం. నోటి నుంచి నా చెవికి ఇచ్చి, రాయనని మాట తీసుకున్నారు. ఇన్నేళ్ళ డైరీలలో నేను ఒక్క పాదం కూడా రాయలేదు. గొంతు రికార్డు చేయడం రాయడం కిందికి రాదని మధ్యాహ్నమంతా తర్కించుకుని తేల్చుకున్నాను.

నన్ను ఊళ్ళో అందరూ ధారణ మాస్టారు అంటారు. ఆ పేరు నిలవాలి. అంటే, శతకం నిలవాలి.

జూన్ 4

దీనికి కంప్యూటరు ఒకటి కావాలి. అమ్మాయి ప్రకటనలకు శబ్దం కూర్చే ఉద్యోగంలో ఉంది. దాని పనంతా మాక్ మీదే. మా ఆవిడ తమ్ముడు విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు కూర్చి అమ్ముతాడు. ఇద్దరూ సాయంత్రం మా ముందుగదిలో చేరారు. ఇంక నా మాట ఎవరికి కావాలి?

"నాన్నా, మాక్ కొను. మూత తెరువు, మైకు తగిలించు, పాడు. అంతే," అంది అమ్మాయి.

"పాడటం కాదమ్మా, పఠనం," అన్నాను.

"ఏమే కోడలా," అన్నాడు బావమరిది, "రేపు ఏదైనా మార్చాలంటే ఆ మాక్‌లో వేలు పెట్టనిస్తారా? కొన్నరోజు ఎంతో కడదాకా అంతే. నేను కూర్చి ఇచ్చానంటే, బావగారూ, మెమరీ చాలకపోతే ఎప్పుడంటే అప్పుడు పెంచుకోవచ్చు."

ఆ మాటకు మా ఆవిడ తల ఎత్తి నా వైపు చూసింది. ఎందుకో తెలియలేదు.

"నీ పెట్టె ఆన్ చేస్తే విమానం లేచినట్టుంటుంది మావయ్యా. ఇంక పద్యమేం వినపడుతుంది?"

"విమానమా! నేను కడితే చీమ నడిచినట్టుంటుంది."

"చీమ నడిచినా పట్టేసే మైకు అది. నా బాధ అదే."

మా ఆవిడ టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. "సంబంధం కుదిర్చేటప్పుడు కూడా ఇంత వాదించుకోలేదర్రా మనం," అంది.

జూన్ 5

మాక్ వృత్తం వంటిది. గణాలూ యతీ ప్రాసా ముందే ఎవరో బిగించి ఉంచారు. లోపల మనం వేలు పెట్టలేము, పెట్టనవసరమూ లేదు. బావమరిది కూర్చే యంత్రం రగడ వంటిది. ఎంతవరకైనా పొడిగించుకోవచ్చు, కూర్చినవాడి చేయి మాత్రం పాదపాదానా తెలిసిపోతుంది. ఈ పోలిక బాగా వచ్చింది. ఏదైనా సభలో చెప్పవచ్చు.

మా ఆవిడకు వినిపించాను. "రెండింటిలో ఏది ముందు వస్తుందో అదే తెప్పించండి," అంది. ఆమెకు ఉపమలు పట్టవు.

జూన్ 8

బావమరిదికే చెప్పాను. అయినవాడు. మరమ్మతు వస్తే వీధి దాటనక్కర్లేదు. పైగా విడివిడి భాగాలు ఒక్కొక్కటిగా ఎంచి కూర్చడంలో ఒక కావ్యగౌరవం ఉంది. భాగాలు రావడానికి కొంత వ్యవధి పడుతుందన్నాడు. తొందరేమీ లేదన్నాను. ఈలోగా శతకం ఆసాంతం ఒకసారి వల్లించుకోవచ్చు.

జూన్ 9

వల్లించుకోలేదు.

జూన్ 11

ఇవాళ కూడా. అక్కర లేదు. చిన్నప్పటి నుంచి గొంతులో ఉన్నది ఎక్కడికి పోతుంది?

జూన్ 16

యంత్రం వచ్చింది. నల్లని పెట్టె, ఒక్క దీపం కూడా లేని గంభీరమైన పెట్టె. వెనకగదిలో బట్టల బీరువా పక్కన బల్ల మీద పెట్టాడు. గోడలకు బొంతలు వేలాడదీసి కిటికీ మూసేశాం. మైకు తీగ ఒక చిన్న పెట్టెలోకీ, ఆ పెట్టె తీగ కంప్యూటరులోకీ వెళ్తుంది. నేను పెదవి కదిపితే తెరమీద గీత అలలా లేస్తుంది. ఆ అలను చూసి కొంత గర్వపడ్డాను.

మా ఆవిడ బొత్తాలు కుట్టే పని తెచ్చుకుని మూలకుర్చీలో కూర్చుంది. ఆమె ఎదురుగా లేకుండా నేను ఎక్కడా చదవలేదు. సభల్లో మొదటి వరుస, ఇంట్లో మూలకుర్చీ.

దివ్యంగా వచ్చింది. ఎక్కడా తడబాటు లేదు. ఆనక హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని వింటే మాత్రం ఏదో సన్నని శబ్దం. ఎండుటాకు నేలమీద ఈడ్చుకుపోయినట్టు. ఎడతెగకుండా ఉందా అంటే లేదు; నేను ఊపిరికి ఆగినచోట, అందులోనూ కొన్ని పద్యాల మూడో పాదానికి ముందు.

బావమరిది విన్నాడు. మరోసారి విన్నాడు. వాళ్ళ అక్క వైపు చూశాడు. ఆమె సూదిలోకి దారం ఎక్కించుకుంటోంది.

"ఏమిటోయ్ అది?" అన్నాను.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఫ్యానేనా?" అని నేనే అడిగాను.

"అయ్యుండొచ్చు బావగారూ," అన్నాడు.

జూన్ 17

ఫ్యానే.

జూన్ 22

పెట్టెను దుకాణానికి మోసుకుపోయి, లోపల ఏవో మార్చి ఇవాళ తిరిగి తెచ్చాడు. అమ్మాయి కూడా వచ్చింది. మళ్ళీ బొంతలు, మళ్ళీ మైకు, మళ్ళీ మూలకుర్చీలో ఆమె. చదివాను. బాగా వచ్చింది. విన్నాను.

అదే శబ్దం.

నాకు కోపం వచ్చింది. ఎందుకంత కోపం వచ్చిందో రాయడానికి వీలు కాదు. "చీమ నడిచినట్టుంటుందన్నావు, ఏనుగులు తొక్కుతున్నాయి కదటోయ్!" అన్నాను. "చేతకాని పని ఎందుకు నెత్తికెత్తుకోవాలి? మా నాన్నగారి శతకం నీకు పరాచికంగా ఉందా? నలుగురికీ ఇలాంటి పెట్టెలే అంటగడుతున్నావా?"

అతను ముఖం ఎర్రబడి నేల చూశాడు. అమ్మాయి, "నాన్నా, ఆపు," అంది. ఎన్నడూ అలా అనలేదు.

"నాదే పొరపాటు బావగారూ," అన్నాడు. "మళ్ళీ చూస్తాను."

"నువ్వు చూసింది చాలు. అమ్మాయి మాక్ తెస్తుంది."

వెళ్ళేటప్పుడు చెప్పులు తప్పు కాలికి వేసుకుని, గుమ్మంలో ఆగి మార్చుకున్నాడు.

జూన్ 23

నిజం పరుషంగా ఉంటే అది చెప్పినవాడి దోషం కాదు. మా ఆవిడ ఇవాళ నాతో టీ చల్లారిపోతోందన్న మాట తప్ప మరేమీ మాట్లాడలేదు.

జూన్ 26

అమ్మాయి తన మాక్ తెచ్చింది. పలక వలె పలుచన. చెవి ఆనించినా ఊపిరి లేదు. "ఇందులో ఫ్యానన్నదే లేదు నాన్నా," అంది. ఆ మాట చెబుతూ నా ముఖంలోకి చూడలేదు.

మా ఆవిడ ఇంట్లో లేదు. తమ్ముణ్ణి చూసివస్తానని పొద్దున్నే వెళ్ళింది. నేనేమైనా తప్పు చేశానా అని గుమ్మం దాకా వెళ్ళి అడిగాను. "మీరు చదువుకోండి," అంది.

మూలకుర్చీ ఖాళీగా ఉంది. చదవడం మొదలుపెట్టాను. కొన్ని పద్యాలు హాయిగా నడిచాయి. తర్వాత ఒక పద్యం, పలుకు గురించి నాన్నగారు చెప్పిన పద్యం, రెండు పాదాలు చదివి ఊపిరికి ఆగాను. ఊపిరి వచ్చింది.

అమ్మాయి హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని తెరవైపు చూస్తూ కూర్చుంది. తెరమీద గీత చదునుగా సాగిపోతోంది.

"ఈ యంత్రంలో నా గొంతు నాకే ఆలస్యంగా వినిపిస్తోంది," అన్నాను. "అందువల్ల లయ చెడుతోంది."

"సరే నాన్నా."

"దీనికి జీవం లేదు. మావయ్య పెట్టెలో కాస్త వెచ్చదనం ఉండేది."

"సరే. అమ్మ వచ్చాక చేద్దాంలే."

"అమ్మకూ దీనికీ ఏమిటి సంబంధం?"

అమ్మాయి తీగలు చుట్టుకుంటూ ఉండిపోయింది. చుట్టిన తీగనే విప్పి మళ్ళీ చుట్టింది.

మాక్‌లో శబ్దం లేదు. అసలేమీ లేదు.

జూన్ 27

మూడో పాదం.

జూన్ 28

స్నానం చేస్తుంటే వస్తుందనుకున్నాను. కూరగాయలకు వెళ్ళి వస్తుంటే వస్తుందనుకున్నాను. నాలుగో పాదం వస్తోంది. మొదటి రెండూ వస్తున్నాయి. నడుమ ఒక మెట్టు ఊడిపోయిన నిచ్చెన.

మా ఆవిడ తిరిగి వచ్చింది. అడగవచ్చు. అడిగితే ఆమెకు తెలుసని ఒప్పుకున్నట్టవుతుంది. నాకు తెలియదని కూడా.

జూన్ 29

ఉదయం మా ఆవిడ మేడమీద బట్టలు ఆరవేస్తుండగా బావమరిది పెట్టె పక్కపలక విప్పాను. చేత్తో తిప్పితే వచ్చే మరలే. ఆ ఫ్యాను ఏదో కళ్ళారా చూసి, ఇదిగో దోషి అని అతని ముందు వేలు చూపించాలని నా ఉద్దేశం. అప్పుడు నేనన్న మాటలకు ప్రమాణం ఉంటుంది. కిటికీ తెరిచి వెలుతురులో చూశాను. లోపల దువ్వెన పళ్ళవంటి లోహపు రేకులు గోపురంలా పేర్చి ఉన్నాయి. తీగలన్నీ జడ అల్లినట్టు పొందిగ్గా వెనక్కి కట్టి ఉన్నాయి. తిరిగేది ఏదీ లేదు. తిరగడానికి చోటు కూడా లేదు.

నాకు తెలియదేమోనని అమ్మాయికి ఫోను చేశాను. "ఈ పెట్టెలో ఫ్యాను ఎక్కడుంటుందమ్మా?"



"అందులో ఫ్యాను లేదు నాన్నా. రెండోసారి తెచ్చినప్పుడే మావయ్య మొత్తం తీసేశాడు. ఆ రేకులే వేడి లాగేసుకుంటాయి."

"అంటే ఆ రోజు నేను..."

"ఊఁ."

"నీకు తెలుసా?"

"విన్నాను కదా నాన్నా. అది నా పనేగా."

పలక తిరిగి బిగించబోయాను. ఒక మర బీరువా కిందికి దొర్లిపోయింది. దానికోసం నేలమీద బోర్లా పడుకున్నాను. మర దొరికాక కూడా చాలాసేపు లేవలేదు.

జూన్ 30

రాయలేను.

జూలై 1

రాయాలి. ఇక్కడ నేను తప్ప శ్రోత లేడు.

అది ఫ్యాను కాదని నాకు మొదటిరోజే తెలుసు. భార్య గుసగుసను పోల్చుకోలేని చెవి ఏ భర్తకూ ఉండదు. పదహారో తేదీన చెవులకు పెట్టుకున్న క్షణంలోనే తెలిసింది. తెలిసినదాన్ని వెంటనే మరిచిపోయాను. మరవడంలో అంత ప్రావీణ్యం ఎప్పుడు వచ్చిందో! పద్యాలు జారిపోతున్న గొంతుతో అబద్ధాన్ని మాత్రం అక్షరం పొల్లుపోకుండా వల్లించాను. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతను ఎన్ని తరగతులకు వివరించానో! ఓటిమద్దెల కాదని తెలిసి కూడా, దాన్ని చేసినవాణ్ణి ఇంటికి పిలిచి అతని మేనకోడలి ఎదుట మాటలతో కొట్టాను.

పొద్దున్న దుకాణానికి వెళ్ళాను. ఇరుకైన గది, గోడల నిండా డబ్బాలు. బావమరిది కళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టి ఏదో పలకమీద దుమ్ము ఊదుతున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ తుడిచాడు. ఆ తుడవడం నాకు చెంపదెబ్బలా తగిలింది.

"ఫ్యాను లేదటగా," అన్నాను.

"విప్పారా?" అన్నాడు. "రేకుల అంచులు పదును, చెయ్యి తెగలేదు కదా?"

"నాకెందుకు చెప్పలేదోయ్?"

అతను కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"ఫ్యాను లేదంటే, మరి ఆ చప్పుడేమిటని అడుగుతారు కదా బావగారూ. దానికి నేనేం చెప్పను?"

క్షమాపణకు ఒక వాక్యం దారిపొడుగునా కూర్చుకుంటూ వెళ్ళాను. కర్త, కర్మ, క్రియ, అన్నీ అమరిన వాక్యం. నోట్లోంచి "చెప్పులు" అన్న మాట వచ్చింది. "ఆ రోజు చెప్పులు తారుమారుగా వేసుకున్నావు," అన్నాను. 

"అయ్యో, నేను చిన్నప్పటి నుంచీ అంతే. అక్కనడగండి," అన్నాడు. టీ తెప్పించాడు. తాగాను. తాగి వచ్చేశాను. క్షమించమన్న మాట ఇంకా నా దగ్గరే ఉంది.

జూలై 2

మధ్యాహ్నం మా ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

ఏమిటని అడగలేదు. "కిందటేడు వేసవి సభ నుంచి," అంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకు తెలుసనుకున్నానండీ." చేతిలో రాయి పక్కకు వేసింది. "ఆగినప్పుడల్లా మీరు నా వైపే చూసేవారు కదా."

చూసేవాణ్ణి. నిజమే. అది ప్రేమ అనుకున్నాను. సభలో కూడా అలాగే చెప్పుకున్నాను, ఒకసారి మైకులో, అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

"నాన్నగారి పద్యాలన్నీ నీకు వచ్చా?"

"అప్పట్లో రోజూ పొద్దున్నే మీరు పెరట్లో తిరుగుతూ వల్లించేవారు. నేను అంట్లు తోముకుంటూ వినేదాన్ని. చెవులు మూసుకుని తోమడం కుదరదుగా," అంది. తర్వాత కాస్త నవ్వి, "మీ నాన్నగారు రాయొద్దన్నారు, వినొద్దనలేదుగా," అంది.

"పలుకు పద్యంలో మూడో పాదం చెప్పు."

చెప్పింది. ముత్యం వంటి ఉచ్చారణ. యతిస్థానంలో నేను కొట్టే దెబ్బ లేదు. అక్కడ ఆమె గొంతు తేలిగ్గా వంగి లేచింది. నాన్నగారు అలాగే చదివేవారు. ఆ వంపును నేను ఎప్పుడో పోగొట్టుకుని, దాని స్థానంలో దెబ్బ కొట్టడం అలవాటు చేసుకుని, అదే మా బాణీ అని శిష్యులకు నేర్పాను.

నాన్నగారికిచ్చిన మాట ఇవాళ తప్పుతున్నాను. ఈ ఒక్క పద్యానికి. నా గొంతును నమ్మి రాయకుండా ఉండే అర్హత నాకు లేదు.

పలుకు నిలుచు చోటు పత్రమ్ము కాదయా
గొంతు దాని యిల్లు, గుండె గడప
మరచు నొకడు, పక్క మనిషి యందించును
పద్య మొకటె, నోళ్ళు పదులు గాని

ఎన్ని వేదికలమీద చదివాను! ఎంత గంభీరంగా వ్యాఖ్యానించాను! మూడో పాదానికి అర్థం చెప్పేటప్పుడు "పక్క మనిషి అంటే ఇక్కడ గురుపరంపర" అని చెప్పేవాణ్ణి. పక్కమనిషి మొదటి వరుసలో కూర్చుని పెదవులు కదుపుతుండేది.

జూలై 3

బావమరిదిని పిలిచి మా ఆవిడ ఎదుటా అమ్మాయి ఎదుటా క్షమించమన్నాను. నాలుగు మాటలే. కూర్చిన వాక్యం కాదు. అతను కంగారుపడిపోయి, "ఊరుకోండి బావగారూ, ఇంతకీ పెట్టె వేడెక్కుతోందా?" అన్నాడు.

నేనెంత సిగ్గుపడ్డా అతనికి అది బరువే అవుతోందని గ్రహించి ఆపాను.

జూలై 7

వెనకగదిలో బొంతలు మళ్ళీ కట్టాం. బావమరిది పెట్టె. అమ్మాయి రెండో మైకు తెచ్చింది.

"నాకెందుకే మైకు?" అంది మా ఆవిడ, బొత్తాల డబ్బా వదలకుండా.

"ఎలాగూ రికార్డులో పడుతున్నావు కదమ్మా. పడేదేదో సరిగ్గా పడు," అంది అమ్మాయి.

"మాక్ అయితే రెండు మైకులు నిమిషంలో తగిలించేసేదాన్ని మావయ్యా."

"నీ మాక్‌కి అన్ని బెజ్జాలెక్కడివే? వెనక్కి తిరిగి చూడు, నా పెట్టెకి జల్లెడకున్నన్ని ఉన్నాయి."

కుర్చీని మూల నుంచి జరిపి నా పక్కన వేశాను. ఆమె చివర కూర్చుంది, లేచి వెళ్ళడానికి వీలుగా. మొదట గుసగుసగానే అందించింది. నాలుగైదు పద్యాల తర్వాత గొంతు తెరుచుకుంది. నేను ఆగినచోట ఆమె. ఆమె దగ్గినచోట నేను. ఒక పద్యంలో నేను ఆగలేదు, అయినా ఆమె చదివింది. నేను నోరు మూసుకుని విన్నాను. ఎంత సిగ్గుగా ఉందో అంత హాయిగా కూడా ఉంది. ఈ వాక్యంలో రెండో సగం రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

జూలై 15

శిష్యుడు ఉదయం ఫోను చేశాడు. స్పీకరులో పెట్టాను. మొదటి భాగం విన్నాడట.

"అద్భుతం గురువుగారూ! ఆ ధారణ! ఒక్క సంగతి. అక్కడక్కడా ఇంకో గొంతు వినిపిస్తోంది. రికార్డు చేసేటప్పుడు ఎవరో పక్కన ఉన్నట్టున్నారు. మా కుర్రాళ్ళు తుడిచేస్తామంటున్నారు. తుడిచేయమంటారా?"

సులువైన మాట ఒకటి నాలుక చివరికి వచ్చి నిలబడింది. తుడిచేయమంటే చాలు. లేదా యంత్రం మీదికి నెట్టేస్తే చాలు. అతను నమ్ముతాడు. నమ్మడం అతనికి అలవాటు, నేనే నేర్పాను. ధారణ అన్న పొగడ్త చెవిలో ఇంకా చల్లారలేదు. ఎంత త్వరగా వచ్చిందో ఆ అబద్ధం! ఏ పద్యమూ నాకు అంత తడుముకోకుండా రాదు ఈ మధ్య.

"గురువుగారూ? ఉన్నారా?"

ఉన్నాను. ఏం చెప్పాలో తెలుసు. మరిచిపోలేదు. అయినా వంటింటి వైపు చూశాను. నీళ్ళ చప్పుడు ఆగింది. అక్కడి నుంచి, మునుపటిలాగే సన్నగా, అందింది:

"నేనేనని చెప్పండి."

చెప్పాను.